ఫిన్లాండ్ పల్లె కాటేజీలో వేసవి వారం: తల్లిదండ్రులతో, పిల్లలతో వెళ్ళేవారికి

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. మీరు రెండేళ్ళుగా ఫిన్లాండ్‌లోని ఎస్పోలో ఉంటున్నారు. జులైలో గుంటూరు నుంచి మీ అమ్మగారు, నాన్నగారు వస్తున్నారు. ఇద్దరికీ 60 దాటాయి, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి ఉంది. పిల్లల్లో ఒకరికి 5 ఏళ్ళు, మరొకరికి 9. అందరూ శాకాహారులు. ఆఫీసులో అందరూ "మొక్కికి", అంటే వేసవి కాటేజీకి, "వెళ్తున్నాం" అంటుంటే మీకూ ఒక వారం అలా వెళ్ళాలని ఉంది. కానీ అడవిలో, సరస్సు ఒడ్డున, ఒక చెక్క ఇంట్లో 7 రోజులు ఏం చేస్తారు, పెద్దవాళ్ళకు విసుగు పుట్టదా, మరుగుదొడ్డి సంగతి ఏమిటి, అదే డబ్బుతో లాప్లాండ్‌కో స్టాక్‌హోమ్‌కో తీసుకువెళ్తే నయం కాదా అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. వెళ్ళండి. వారమంతా ఒకే కాటేజీలో ఉండండి. రోజుకొక ఊరు చూసే ఏర్పాటు పెట్టుకోకండి. కాటేజీని ఫొటోల అందం చూసి కాకుండా మూడు సంగతులు చూసి ఎంచుకోండి: ఇంటి లోపల మరుగుదొడ్డి ఉండాలి, పిల్లలు దిగడానికి వీలుగా లోతు తక్కువగా ఉన్న సొంత ఒడ్డు ఉండాలి, మీ ఇంటి నుంచి కారులో మూడు గంటల లోపు చేరుకోగలగాలి. ఈ మూడూ కుదిరితే మిగిలినవి ఎలా ఉన్నా సర్దుకోవచ్చు.

నేను తాంపెరే సమీపంలో 14 ఏళ్ళుగా ఉంటున్నాను. మొదటి ఏడాది వదిలేస్తే ప్రతి వేసవిలోనూ ఏదో ఒక సరస్సు ఒడ్డున ఒకటి రెండు వారాలు గడిపాము. అందులో రెండుసార్లు మా అమ్మానాన్నలు కూడా ఉన్నారు. కాబట్టి మీ సందేహాలు నాకు కొత్త కావు.

రోజువారీ ప్రయాణాలు వద్దని అంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్పాలి. మొదటిసారి మేము సైమా సరస్సు ప్రాంతంలో కాటేజీ తీసుకున్నప్పుడు, అంత అద్దె కట్టి ఊరికే కూర్చుంటామా అనిపించి రోజుకొక కార్యక్రమం రాసుకున్నాము. ఒకరోజు సావొన్‌లిన్నాలో 1475లో కట్టడం మొదలుపెట్టిన ఓలవిన్‌లిన్నా కోట, ఒకరోజు పుంకహర్యు కొండగట్టు, ఒకరోజు కువోపియో పట్టణం. చూసినవన్నీ మంచివే. అయితే రోజూ సాయంత్రానికి అలసిపోయి వచ్చి వండుకుని పడుకున్నాము. శుక్రవారం సాయంత్రం మొదటిసారి రేవు చెక్కల మీద అందరం కలిసి కూర్చున్నాము. శనివారం ఉదయం తాళం అప్పగించి బయలుదేరాము. సరస్సును చూడడం మొదలుపెట్టిన మరుసటి రోజే దాన్ని వదిలి వచ్చామన్న బాధ నాకు చాలా కాలం ఉండిపోయింది.

ఫిన్లాండ్ వారికి మొక్కి అంటే ఏమిటో తెలిస్తే ఈ సలహా వెనుక ఉన్న కారణం సులువుగా అర్థమవుతుంది. సుమారు 56 లక్షల జనాభా ఉన్న ఈ దేశంలో వేసవి కాటేజీలు 5 లక్షలకు పైగా ఉన్నాయి, సరస్సులు 1,88,000 అని లెక్క. పంతొమ్మిదో శతాబ్దంలో ఒడ్డున వేసవి ఇల్లు సంపన్నులకే ఉండేది. 1939లో వార్షిక సెలవుల చట్టం వచ్చాక, ఆపైన 1960, 70 దశకాల్లో పల్లెల నుంచి లక్షలాది మంది పట్టణాలకు, ఫ్యాక్టరీ పనులకు తరలిపోయాక, పుట్టిన ఊరి దగ్గర ఒక చిన్న చెక్క ఇల్లు ఉంచుకోవడం సామాన్య కుటుంబాల అలవాటయింది. అంటే వారు సెలవుల్లో ఎక్కడికో యాత్రకు పోవడం లేదు, తాము వదిలివచ్చిన పల్లె బతుకులోకి కొన్నాళ్ళు తిరిగి వెళ్తున్నారు. మా అమ్మకు నేను ఇలాగే చెప్పాను: "వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవాళ్ళం కదా, అక్కడ ఏం చూశామని ఎవరైనా అడిగేవారా?" ఆ మాటతో ఆమె మనసు కుదుటపడింది. మీ అమ్మగారికి కూడా ముందే ఈ విధంగా చెప్పి ఉంచితే, అక్కడికి చేరాక "ఇవాళ ఎక్కడికి?" అన్న ప్రశ్న తక్కువగా వస్తుంది.

ఆ ప్రశ్న మొదటి రెండు రోజులు ఎలాగూ వస్తుంది. మా నాన్నగారు ఆదివారం, సోమవారం పొద్దున్నే తయారై కూర్చున్నారు. మంగళవారం నుంచి అడగడం మానేసి, కట్టెల కొట్టం ముందు కుర్చీ వేసుకుని, నేను చీల్చిన బిర్చ్ కట్టెల నుంచి బెరడు వలిచి ఎండలో పరిచేవారు. పొయ్యి అంటించడానికి ఆ బెరడును మించినది లేదు. బిర్చ్ మన భూర్జపత్రం ఇచ్చే చెట్టు జాతిదే. ఆ సంగతి తెలిశాక ఆయన ఆ తెల్లని బెరడును చేతితో నిమురుతూ చాలాసేపు చూశారు. మొదటి మూడు రోజులు ఏమీ తోచకపోవడం సహజం. ఆ మూడు రోజుల్లోనే కారెక్కి ఎటైనా పోవాలనిపిస్తుంది, పోకండి. కుదిరితే ఒక వారం బదులు పది రోజులు తీసుకోమంటాను కూడా ఇందుకే.

ఇక ఎంపిక. లోమరెంగాస్, నెట్టిమొక్కి వంటి అద్దె సైట్లలో వెతుకుతారు కదా, అక్కడ ప్రకటనల్లో కనిపించే కొన్ని ఫిన్నిష్ మాటలు తెలుసుకోవడం అవసరం. "సిసా-వేసే" అంటే ఇంటి లోపలి మరుగుదొడ్డి. "కుయివాకాయ్మాలా" లేదా "హూస్సి" అంటే బయట ఉండే పొడి మరుగుదొడ్డి. "యుఓక్సేవా వేసి" అంటే కుళాయి నీరు, "కంతోవేసి" అంటే మనం మోసుకుని తెచ్చుకోవలసిన నీరు. "ఒమా రంతా" అంటే సొంత ఒడ్డు, "రంతాసౌనా" అంటే ఒడ్డున విడిగా కట్టిన సౌనా, అంటే ఆవిరి స్నానపు గది. "లీనవాట్టేట్" అంటే దుప్పట్లు, తువ్వాళ్ళు. ఇవి చాలాచోట్ల అద్దెలో కలిసి ఉండవు, ఇంటి నుంచి తీసుకువెళ్ళాలి లేదా విడిగా డబ్బు కట్టాలి. అద్దె సాధారణంగా శనివారం నుంచి శనివారానికి. జులైలో సాదా కాటేజీకి వారానికి అయిదారు వందల యూరోలు, అన్ని వసతులూ ఉన్నదానికి వెయ్యి పైన అవుతుందని అనుకోండి. ఇక్కడి ఉద్యోగుల్లో చాలామంది జులైలోనే సెలవు తీసుకుంటారు కాబట్టి మంచివన్నీ చలికాలంలోనే అయిపోతాయి. ఇప్పుడు మీకు ఎంపిక ఉంటే జులై చివరి వారం చూడండి. నీళ్ళు వెచ్చబడి ఉంటాయి, అడవిలో బెర్రీలు పండి ఉంటాయి, దోమల బెడద జూన్ చివరితో పోలిస్తే కొంత తగ్గి ఉంటుంది.

మరుగుదొడ్డి విషయం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి, మన కుటుంబాల్లో వారమంతా చెడేది దీనివల్లనే. హూస్సి అనేది ఇంటికి కొంత దూరంలో ఉండే చిన్న చెక్క గది. పీట ఎత్తుగా కుర్చీలాగే ఉంటుంది, వాడిన ప్రతిసారీ పీట్ అనే చిత్తడి నేలల మట్టి పొడో రంపపు పొట్టో ఒక గరిటెడు చల్లాలి. శుభ్రంగా వాడితే వాసన రాదు. అయితే అది నీళ్ళు పడకూడని ఏర్పాటు. చెంబుతో నీళ్ళు పోస్తే కింద కుళ్ళవలసిన ఎరువు ముద్దయిపోయి వాసన పట్టుకుంటుంది. నీళ్ళు లేకుండా మన పెద్దవాళ్ళు ఉండలేరు, ఉండమనడం న్యాయమూ కాదు. అందుకే సిసా-వేసే ఉన్నదే తీసుకోమన్నాను. మీరు ఎస్పో ఇంట్లో గమనించే ఉంటారు, ఫిన్లాండ్ స్నానాల గదుల్లో కమోడ్ పక్కన చేతి షవర్ ఉండడం మామూలు. కుళాయి నీళ్ళున్న కాటేజీల్లో కూడా చాలావాటిలో అది ఉంటుంది. ఉందో లేదో యజమానికి ముందే రాసి అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు. అలాగే ఇంటి నుంచి ఒడ్డుకు దిగే దారి ఎలా ఉందో అడగండి. రాళ్ళ మీద నిటారుగా పాతిక మెట్లు ఉంటే మీ నాన్నగారు వారమంతా పైనే కూర్చోవలసి వస్తుంది.

ఒక మాట ఆయన నిద్ర గురించి. జులై మధ్యలో దక్షిణ ఫిన్లాండ్‌లో సూర్యుడు రాత్రి పదిన్నర ప్రాంతంలో అస్తమించి తెల్లవారుజామున నాలుగున్నర లోపే ఉదయిస్తాడు. మధ్యలో కూడా పూర్తిగా చీకటి పడదు. పడకగదికి మందపు తెరలు లేకపోతే పెద్దవాళ్ళు మూడింటికే లేచి కూర్చుంటారు. మా నాన్నగారికి సాయంసంధ్య ఎప్పుడు వార్చాలన్నది పెద్ద చిక్కయింది. ఎర్రబడ్డ ఆకాశం కోసం రాత్రి దాకా కాచుకున్నారు. రెండో రోజు నుంచి ఇంటి దగ్గరి వేళ ప్రకారం ఆరున్నరకే ముగించి, తర్వాత ఆ సుదీర్ఘమైన వెలుతురును తీరిగ్గా చూడడం అలవాటు చేసుకున్నారు. కళ్ళకు కట్టుకునే గుడ్డ పట్టీ ఒకటి సంచిలో పెట్టండి.

సౌనా లేకుండా మొక్కి లేదు. దీని గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది దాన్ని ఒక వేడి గదిగా మాత్రమే చూసి, ఒకసారి తలుపు తీసి, మూసేసి వచ్చేస్తారు. ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని యునెస్కో 2020లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పాత రోజుల్లో ఇక్కడి స్త్రీలు సౌనాలోనే ప్రసవించేవారు, చనిపోయినవారికి ఆఖరి స్నానం కూడా అక్కడే చేయించేవారు. ఇంట్లో అన్నింటికన్నా శుభ్రమైన, వెచ్చని చోటు అదే. శనివారం సౌనా వారి పాత అలవాటు. మన మగవారికి శనివారం తలంటు ఉన్నట్టే. మీ నాన్నగారికి ఆ పోలిక చెబితే సౌనా అంటే వెంటనే తెలిసిపోతుంది.

కట్టెలతో కాగే సౌనా వేడెక్కడానికి గంట, గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర పని కూడా సౌనాలో భాగమే అనుకోండి: కట్టెలు తేవడం, సరస్సు నుంచి బకెట్లతో నీళ్ళు మోయడం, పొయ్యి అంటించడం. పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అప్పగించండి. మా అమ్మాయి 6 ఏళ్ళప్పుడు చిన్న బాల్చీతో నీళ్ళు మోసి, ఆ నీళ్ళే రాళ్ళ మీద పడి ఆవిరి లేవడం చూసి పొందిన సంతోషం ఇప్పటికీ చెబుతుంటుంది. రాళ్ళు పేర్చిన పొయ్యిని "కియుఅస్" అంటారు, దాని మీద గరిటెతో నీళ్ళు చల్లితే వచ్చే ఆవిరిని "లొయ్‌లు" అంటారు. లేత బిర్చ్ కొమ్మలు కట్ట కట్టి ఒంటి మీద మెల్లగా తట్టుకునేదాన్ని పడమటి ప్రాంతాల్లో "విహ్తా" అనీ, తూర్పున "వస్తా" అనీ అంటారు. ఆ ఆకుల వాసనే వేసవి వాసన అని ఇక్కడివారు చెబుతారు, నేనూ ఒప్పుకుంటాను.

సౌనాలో వేడి సాధారణంగా 70 నుంచి 90 డిగ్రీలు. మీ తల్లిదండ్రులకు, పిల్లలకు 60 దగ్గర ఆపి, కింది బల్ల మీద కూర్చోబెట్టండి. అయిదారు నిమిషాలు చాలు, బయటకు వచ్చి మంచినీళ్ళు తాగాలి. రక్తపోటుకో గుండెకో మందులు వాడుతుంటే బయలుదేరకముందే అక్కడి డాక్టరుగారిని అడిగి రమ్మనండి. వేడి నుంచి నేరుగా సరస్సులోకి దూకడం ఇక్కడివారికి చిన్ననాటి నుంచి అలవాటు, మన పెద్దవాళ్ళకు ఒక్కసారిగా ఆ చల్లదనం మంచిది కాదు. వారు అరుగు మీద గాలికి కూర్చుంటే సరిపోతుంది. ఇక బట్టల సంగతి: కాటేజీ సౌనా మీ ఒక్క కుటుంబానిదే. ఆడవారంతా ఒక విడత, మగవారు తరువాత ఒక విడత వెళ్ళడం ఫిన్లాండ్ కుటుంబాల్లోనూ ఉన్న పద్ధతే. ఒంటికి నూలు బట్ట చుట్టుకుని కూర్చున్నా తప్పు లేదు, బల్ల మీద మాత్రం తువ్వాలు పరుచుకోవాలి. నూనె, సున్నిపిండి, షాంపూ ఏదైనా సరే సరస్సు నీళ్ళలో కలవకూడదు. ఒడ్డుకు దూరంగా, నేల ఇంకించుకునే చోట కడుక్కోవాలి.

పొయ్యిలో నిప్పు పూర్తిగా ఆరకముందే పొగగొట్టపు మూత మూయకండి. వేడి నిలుస్తుందని ఒకసారి నేను తొందరపడి మూసి, అర్ధరాత్రి తలనొప్పితో లేచాను. కిటికీలు తెరిచి అందరినీ బయటకు తీసుకువచ్చాను కాబట్టి ప్రమాదం తప్పింది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఎర్రటి కణిక ఒక్కటి కనిపిస్తున్నా మూత తెరిచే ఉంచండి.

నీళ్ళ దగ్గర జాగ్రత్త గురించి మీరు అడగలేదు గానీ, 5 ఏళ్ళ బిడ్డ ఉన్నందువల్ల చెప్పి తీరాలి. ఇక్కడి సరస్సుల్లో చాలావాటి నీరు టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. అది మురికి కాదు, అడవి నేలల నుంచి, పీట్ నేలల నుంచి దిగిన రంగు. కానీ దానివల్ల నడుము లోతులో ఏముందో కనబడదు. కాబట్టి చిన్నవాడు రేవు చెక్కల మీద అడుగుపెట్టినప్పటి నుంచి లైఫ్ జాకెట్ ఉండాలి, ఒక పెద్దవారు చేతికి అందేంత దూరంలో ఉండాలి. "అందరం చూస్తూనే ఉన్నాం" అన్నచోట ఎవరూ చూడడం లేదని నేను ఒకసారి కళ్ళారా తెలుసుకున్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో గంటకొకరి పేరు చెప్పి ఆ బాధ్యత అప్పగిస్తాము. తెడ్ల పడవ సాధారణంగా అద్దెలో కలిసే ఉంటుంది. అందులో ఎక్కే ప్రతి ఒక్కరికీ సరిపోయే జాకెట్ ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి.

ఎండలు కాచి గాలి లేని రోజుల్లో నీళ్ళ మీద ఆకుపచ్చ పొడి చల్లినట్టు తేలితే అది "సినిలెవా" అనే నీలి-ఆకుపచ్చ నాచు కావచ్చు. ఒక పుల్లతో ఎత్తి చూడండి. దారాల్లా వేలాడితే మామూలు నాచు, ముక్కలై చెదిరిపోతే సినిలెవా. అది ఉన్నప్పుడు ఈత వద్దు, ఆ నీళ్ళు సౌనా రాళ్ళ మీద కూడా చల్లకూడదు. మరిగించినా దాని విషం పోదు. ఎత్తు గడ్డిలో, పొదల్లో మన పశువులకు పట్టే పిడుదుల జాతి పురుగు ఉంటుంది, దీన్ని "పుంక్కి" అంటారు. దానివల్ల లైమ్ వ్యాధి, మెదడువాపు జ్వరం వచ్చే అవకాశం ఉంది. రోజూ రాత్రి పిల్లల మోకాలి మడతలు, చంకలు, చెవుల వెనుక వెతకండి. కనబడితే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని తీసేయండి. తరువాతి వారాల్లో ఆ చోట ఎర్రని చక్రం పెరుగుతూ ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మెదడువాపు జ్వరానికి టీకా ఉంది, ఎస్పోలో ఉండే మీరు ఆరోగ్య కేంద్రంలో గానీ మందుల షాపులో గానీ ముందే అడిగి పెట్టుకోండి. విషసర్పం ఇక్కడ ఒకటే, పింజర జాతిది, చాలావాటికి వీపు మీది వంకర గీతే ఆనవాలు. ఎత్తు గడ్డిలో రబ్బరు బూట్లు వేసుకుంటే చాలు. అత్యవసరమైతే 112. ఫోనులో "112 సువోమి" అనే ఆప్ పెట్టుకుంటే మీరు ఉన్న చోటు వారికి తెలుస్తుంది. పల్లె కాబట్టి అంబులెన్సుకు సమయం పడుతుంది. మీ తల్లిదండ్రుల మందులు వారానికి సరిపడా కాక రెండు వారాలకు సరిపడా తీసుకువెళ్ళండి.

తిండి విషయంలో భయపడవలసిందేమీ లేదు. బియ్యం, కందిపప్పు, చింతపండు, పోపు సామాను, ప్రెషర్ కుక్కర్ ఇంటి నుంచి పెట్టుకోండి. కరివేపాకు హెల్సింకిలో హకనియెమి దగ్గరి ఆసియా షాపుల్లో దొరికినప్పుడు కొని ఆరబెట్టుకోండి. మిగిలినది ఆ ఊరే పెడుతుంది. జులైలో దారి పక్కన, అంగడి వీధుల్లో కొత్త బంగాళాదుంపలు, లీటరు కొలతతో అమ్మే పచ్చి బఠాణీలు, స్ట్రాబెర్రీలు ఉంటాయి. ఆ లేత దుంపలను తోలుతోనే ఉడికించి, వెన్న, తిల్లి అనే సువాసన ఆకు వేసుకు తినడం ఇక్కడి వేసవి భోజనం. ఉప్పూ కారం చల్లి వేయించినా అంతే రుచి. "పీమా" అనే పులిసిన మజ్జిగ మన మజ్జిగకు చాలా దగ్గర. పెరుగన్నానికి తుర్కీ పెరుగు అని అమ్మేది బాగుంటుంది. రై పిండి రేకులో అన్నపు జావ పెట్టి కాల్చే "కర్యాలన్ పీరక్క" శాకాహారమే, పైన పూసే వెన్నలో మాత్రం గుడ్డు కలిపి ఉంటుంది, అది వద్దని చెప్పాలి. పాత కాటేజీల పెరట్లో రబర్బ్ మొక్క తరచుగా ఉంటుంది. యజమాని అనుమతి తీసుకుని దాని కాడలు కోయండి. మా అమ్మ వాటితో చేసిన పప్పు, పచ్చడి తిన్నాక గోంగూర లేదన్న లోటు తీరింది. ఆకులు మాత్రం విషం, కాడే వాడాలి. పోపు వేసేటప్పుడు పొగ గంట మోగుతుంది కాబట్టి, వీలైతే బయటి అరుగు మీద విద్యుత్ పొయ్యి పెట్టుకుని వేసుకోండి. చెక్క గోడలు వాసనను త్వరగా పట్టుకుంటాయి.

అడవిలో బెర్రీలు ఏరుకోవడం ఇక్కడ అందరికీ ఉన్న హక్కు, ఆ అడవి ఎవరిదైనా సరే. ఇళ్ళ పెరళ్ళకు, పంట చేలకు దూరంగా ఉంటే చాలు. జులై రెండో సగం నుంచి "ముస్తిక్క" పండుతుంది. నేరేడు పండు తిన్నట్టే నాలుక, వేళ్ళు ఊదారంగు అవుతాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి వంగి ఏరడం కష్టం, మీ నాన్నగారికి ఒక చిన్న పీట తీసుకువెళ్ళండి. పుట్టగొడుగులు మాత్రం తెలిసినవారు పక్కన లేకుండా కోయవద్దు, ప్రాణం తీసేవి ఉన్నాయి. ఆరుబయట మంట వేయడం ఈ హక్కులోకి రాదు. స్థలం యజమాని అనుమతి కావాలి, అడవి మంటల హెచ్చరిక అమల్లో ఉంటే అనుమతి ఉన్నా వేయకూడదు. గాలం కర్రతో చేపలు పట్టడం ఉచితం. మీరు శాకాహారులైనా పిల్లలు పక్క కాటేజీ పిల్లలను చూసి అడగవచ్చు, ఏం చెప్పాలో ముందే అనుకోండి.

సరస్సు మీద మాట చాలా దూరం వెళ్తుంది. ఎదురు ఒడ్డున కిలోమీటరు అవతల ఇద్దరు మాట్లాడుకుంటుంటే గాలి లేని సాయంత్రం ఇక్కడికి వినిపిస్తుంది. మన ఇంట్లో మామూలుగా మాట్లాడే గొంతు, వీడియో కాల్‌లో బంధువులతో మాట్లాడే గొంతు అక్కడ వారికి పెద్ద శబ్దం. ఫోను లోపల మాట్లాడండి, పాటలు బయట పెట్టకండి. పక్కవారు కనబడితే చెయ్యెత్తి పలకరిస్తారు, అంతకుమించి మాట్లాడకపోవడం వారి మర్యాద. వారికి ఇష్టం లేదని మీ అమ్మగారు బాధపడకుండా ఇది కూడా చెప్పి ఉంచండి.

వాన తప్పదు. జులైలో 30 డిగ్రీల ఎండ వచ్చిన ఏడాదీ ఉంది, వారమంతా 15 డిగ్రీల ముసురు పట్టిన ఏడాదీ ఉంది. ఉన్ని స్వెట్టరు, వాన కోటు, రబ్బరు బూట్లు అందరికీ ఉండాలి. ముసురు పట్టిన రోజు పొద్దున్నే పొయ్యి వెలిగించి, మధ్యాహ్నమే సౌనా వేడెక్కించి, వాన పడుతుండగా సరస్సులో ఈదడం నాకు ఎండ రోజు ఈత కన్నా ఇష్టం. వాన రోజు గాలి చల్లగా, నీరు వెచ్చగా ఉంటుంది. పెద్దవాళ్ళకు చదువుకునే పుస్తకాలు, పిల్లలకు పచ్చీసు పట్టం తీసుకువెళ్ళండి. దారిలో సాయంత్రం, తెల్లవారుజాము వేళల్లో దుప్పి బొమ్మ ఉన్న హెచ్చరిక ఫలకాలు కనిపిస్తే వేగం తగ్గించండి. అది ఎదురొస్తే కారు నిలవదు.

చివరి రోజు సంగతి ఒకటి మిగిలింది. "లొప్పుసీవౌస్" అంటే వెళ్ళేముందు చేయవలసిన శుభ్రత. దానికి విడిగా డబ్బు కట్టకపోతే మీరే చేయాలి. నేల తుడవడం, గిన్నెలు కడగడం, సౌనా బల్లలు కడగడం, చెత్తను వేరుచేసి వారు చెప్పిన చోట వేయడం అన్నీ కలిపి ఇద్దరికి రెండు గంటల పని. మధ్యాహ్నానికి ఖాళీ చేయమంటారు కాబట్టి శుక్రవారం రాత్రే సగం ముగించండి. అన్నీ అయ్యాక, తరువాత వచ్చేవారు చేరిన వెంటనే వెలిగించుకునేలా పొయ్యి పక్కన సన్నగా చీల్చిన కట్టెలు, కొంత బిర్చ్ బెరడు పేర్చి రండి. మీరు వెళ్ళేసరికి కూడా ఎవరో అలా పేర్చి ఉంచే ఉంటారు.